నేల కింది మెదడు: క్లాడ్ షానన్ కథ

క్లాడ్ షానన్ పేరు మనలో చాలామందికి మొదట ఒక ఫార్ములాగానే పరిచయం అవుతుంది. కమ్యూనికేషన్ సబ్జెక్టులో ఛానల్ కెపాసిటీ, పరీక్షలో ఒక ప్రశ్న, అక్కడితో సరి. ఆ పేరు వెనక ఒక మనిషి ఉన్నాడని, ఆయన ముళ్లకంచె మీద టెలిగ్రాఫ్ నడిపాడని, బొమ్మ ఎలుకకి దారి నేర్పాడని, ఒంటి చక్రం సైకిలెక్కి ఆఫీసు వరండాల్లో తిరిగాడని సిలబస్ చెప్పదు. ఇంకో సంగతి కూడా చెప్పదు. ఇవాళ ఒక చిన్న ఆఫీసో, హాస్టలో, ల్యాబో తన నెట్‌వర్క్‌ని సైబర్ దాడుల నుంచి సాఫ్ట్‌వేర్‌తో కాపాడుకుంటోందంటే, అందులో వాడే ముఖ్యమైన ఆలోచనలు కొన్ని ఆయన దగ్గరే కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్, అంటే మనం ఎస్‌డీఎన్ అని పిలుచుకునేది, పుట్టకముందే ఆయన పోయాడు. అయినా ఈసారి ఆయన జీవితాన్ని ఆ వైపు నుంచే చూద్దాం.

కంచె మీద కబుర్లు

షానన్ 1916 ఏప్రిల్ 30న అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని పెటోస్కీలో పుట్టాడు. పెరిగింది గేలార్డ్ అనే చిన్న ఊళ్లో. నాన్న వ్యాపారం చేసేవాడు, కొంతకాలం జడ్జిగా కూడా ఉన్నాడు. అమ్మ భాషలు చెప్పే టీచరు, ఆ ఊరి హైస్కూలుకి ప్రిన్సిపాల్. అక్క కేథరిన్‌కి లెక్కలంటే ఇష్టం. ఆవిడ తర్వాత గణితం ప్రొఫెసర్ అయింది. తమ్ముడికి లెక్కలతో పాటు విప్పడం, బిగించడం కూడా కావాలి. ఎడిసన్ అంటే ఆ పిల్లాడికి హీరో. ఆ ఎడిసన్ తమకి దూరపు చుట్టమని పెద్దయ్యాక తెలిసింది.

అరమైలు దూరంలో ఉన్న స్నేహితుడి ఇంటికి కబుర్లు పంపడానికి చిన్న షానన్ ఒక టెలిగ్రాఫ్ లైను వేశాడు. కొత్త వైరు కొనలేదు. పొలాల చుట్టూ ఉన్న ముళ్లకంచె తీగనే లైనుగా వాడుకున్నాడు. పశువుల్ని ఆపడానికి వేసిన తీగ మాటల్ని మోసిందన్నమాట. ఉన్న సరంజామాకే కొత్త పని చెప్పడం అనే ఈ అలవాటు ఆయనకి చివరిదాకా పోలేదు.

రిలేలు, బూల్, ఒక థీసిస్

1936లో మిషిగన్ యూనివర్సిటీ నుంచి రెండు డిగ్రీలతో బయటికొచ్చాడు. ఒకటి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, రెండోది గణితం. అక్కడే జార్జ్ బూల్ బీజగణితం చదివాడు. నిజం, అబద్ధం అనే రెండే విలువలతో నడిచే లెక్క అది. అప్పటికి అది తర్కశాస్త్రం వాళ్ల వ్యవహారం, ఇంజనీర్లకి దాంతో పనిలేదు.

అదే ఏడాది ఎంఐటీలో చేరాడు. అక్కడ వానెవార్ బుష్ కట్టిన డిఫరెన్షియల్ ఎనలైజర్ అనే పెద్ద యంత్రాన్ని చూసుకోవడం ఆయన పని. గది నిండా ఇరుసులు, పళ్లచక్రాలు. దాన్ని నియంత్రించడానికి పక్కనే సుమారు వంద రిలేల సర్క్యూట్. రిలే అంటే కరెంటుతో తెరుచుకుని మూసుకునే స్విచ్. ఆ రోజుల్లో రిలే సర్క్యూట్లు వేయడం ఒక చేతివాటం. అనుభవం ఉన్నవాడు వేసి, పనిచేయకపోతే మళ్లీ మార్చి, ఎలాగో నిలబెట్టేవాడు.

షానన్‌కి ఇక్కడ బూల్ గుర్తొచ్చాడు. స్విచ్ తెరుచుకుంటే ఒక విలువ, మూసుకుంటే ఇంకోటి. వరసగా కలిపితే ఒక ఆపరేషన్, పక్కపక్కన కలిపితే ఇంకో ఆపరేషన్. అంటే ఏ సర్క్యూట్‌నైనా సమీకరణంగా రాయొచ్చు, కాగితం మీదే సింప్లిఫై చేయొచ్చు, ఆ తర్వాతే తీగలు కలపొచ్చు. 1937లో, 21 ఏళ్ల వయసులో ఇదే మాస్టర్స్ థీసిస్‌గా రాశాడు. ల్యాబ్‌లో మనం కె-మ్యాప్ వేసి గేట్లు తగ్గిస్తున్నామంటే ఆ థీసిస్ చూపిన దారిలో నడుస్తున్నట్టే. స్విచ్ ఎలా ప్రవర్తించాలో ముందు తర్కంగా రాసుకుని, తర్వాత పరికరంతో ఆ పని చేయించడం అక్కణ్ణుంచి మామూలు విషయం అయింది. డెబ్భై ఏళ్ల తర్వాత నెట్‌వర్క్ వాళ్లు కోరుకున్నది కూడా దాదాపు ఇదే.

శత్రువుకి అంతా తెలుసు అనుకో

1940లో గణితంలో పీహెచ్‌డీ పూర్తయింది. విషయం జన్యుశాస్త్రానికి బీజగణితం. 1941లో బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. యుద్ధకాలం. విమానాల్ని గురిచూసే యంత్రాల లెక్కలు, ఆ తర్వాత రహస్య సంకేతాలు ఆయన చేతికొచ్చాయి. అట్లాంటిక్‌కి అటూ ఇటూ ఉన్న అగ్రనేతల ఫోన్ మాటల్ని ఎవరూ వినకుండా కాపాడే సిగ్‌సాలీ వ్యవస్థకి గణితపరమైన భద్రత ఉందో లేదో చూసినవాళ్లలో ఆయన ఒకడు.

1943 మొదట్లో ఇంగ్లండ్ నుంచి అలాన్ ట్యూరింగ్ బెల్ ల్యాబ్స్‌కి వచ్చాడు. ఇద్దరూ టీ టైములో కలిసేవాళ్లు. ఇద్దరిదీ సంకేతాల పనే, కానీ ఆ ముక్క ఒకరికొకరు చెప్పుకోకూడదు. అందుకని యంత్రాలు ఆలోచించగలవా అన్న దాని మీద మాట్లాడుకునేవాళ్లు.

ఆ రోజుల్లో చేసిన పనిని షానన్ 1945లో రహస్య నివేదికగా రాశాడు. అది 1949లో బయటికి అచ్చయింది. అందులో రెండు విషయాలు మనకి ముఖ్యం. తాళంచెవి పూర్తిగా యాదృచ్ఛికంగా ఉండి, సందేశమంత పొడవుండి, ఒక్కసారే వాడితే, ఆ సంకేతాన్ని ఎంత శక్తి ఉన్నవాడైనా విప్పలేడని నిరూపించాడు. రెండోది ఆయన మొదట్లోనే పెట్టుకున్న నియమం. మన వ్యవస్థ ఎలా పనిచేస్తుందో శత్రువుకి పూర్తిగా తెలుసనే అనుకుని డిజైన్ చేయాలి. రహస్యంగా ఉండాల్సింది తాళంచెవి ఒక్కటే. 19వ శతాబ్దంలో కెర్కాఫ్స్ కూడా ఇలాంటి మాటే చెప్పాడు. షానన్ దాన్ని గణితానికి పునాది చేశాడు.

చిన్న నెట్‌వర్కులు నడిపేవాళ్లు ఎక్కువగా తప్పేది ఈ నియమమే. మనల్ని ఎవడు పట్టించుకుంటాడులే, మన రూటర్ ఐపీ ఎవడికి తెలుస్తుందిలే అన్న ధీమా. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఈ ధీమా మీదే బతికింది. దాని దగ్గర ఉన్నది 60కి పైగా ఫ్యాక్టరీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు. ఇంటర్నెట్ అంతా వెతుకుతూ, ఆ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లలోకి దూరింది. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ దండంతా కలిసి డిన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు. ఆ దండులోని సైన్యమంతా ఎవరో చిన్నవాళ్ల ఇళ్లలో, షాపుల్లో గోడకి తగిలించిన పరికరాలే.

ఆశ్చర్యానికి కొలత

1948లో షానన్ రాసిన పేపర్ ఆయన్ని ప్రపంచానికి తెలిసేలా చేసింది. సమాచారాన్ని కొలవొచ్చని అందులో చూపించాడు. ముందే తెలిసిన విషయం చెబితే కొత్తగా తెలిసింది ఏమీ లేదు. ఊహించనిది చెబితే ఎక్కువ తెలిసినట్టు. ఈ ఆశ్చర్యాన్ని సగటుగా లెక్కగట్టే కొలతకి ఎంట్రపీ అని పేరు పెట్టాడు. కొలమానం బిట్. ఆ పదాన్ని సూచించింది జాన్ ట్యూకీ అని పేపర్‌లోనే రాశాడు. సందేశానికి అర్థం ఏమిటన్నది ఇంజనీరింగ్ సమస్యకి అక్కర్లేదని కూడా అక్కడే తేల్చేశాడు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఎలుక, పలక, 75 రిలేలు

1949లో బెల్ ల్యాబ్స్‌లోనే పనిచేసే బెట్టీ మూర్‌ని పెళ్లి చేసుకున్నాడు. అంతకుముందు ఒక పెళ్లి అయి, త్వరగానే ముగిసిపోయింది. బెట్టీ కూడా గణితం మనిషే. మరుసటేడు షానన్ ఒక బొమ్మ తయారుచేశాడు, అందులో ఆవిడ చెయ్యి కూడా ఉంది. పేరు థీసియస్. 25 గళ్ల చిక్కుదారి, అందులో ఒక ఎలుక. గోడలు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు. ఎలుక గోడల్ని గుద్దుకుంటూ, వెనక్కి తిరుగుతూ చివరికి గమ్యం చేరుతుంది. రెండోసారి వదిలితే ఎక్కడా తడబడకుండా సూటిగా వెళ్తుంది. మధ్యలో ఒక గోడ మార్చేస్తే అక్కడిదాకా పాతదారిలో వచ్చి, తడుముకుని, కొత్తదారి నేర్చుకుంటుంది.

చూసినవాళ్లంతా ఎలుక తెలివికి మురిసిపోయారు. నిజానికి ఎలుకలో ఏమీ లేదు. ఒక అయస్కాంతం, రాగి మీసాలు, అంతే. మెదడంతా పలక కింద ఉంది. సుమారు 75 టెలిఫోన్ రిలేలు, ఎలుకని లాక్కెళ్లే ఇంకో అయస్కాంతం. మీసం గోడకి తగిలితే కిందికి కబురు వెళ్తుంది. ఏ గడి నుంచి చివరిసారి ఏ దిక్కుకి బయటపడిందో కింద గుర్తుంటుంది. మన తోలుబొమ్మలాటలో తెర మీద హనుమంతుడు గెంతుతాడు గానీ, గెంతించే చెయ్యి తెర వెనక ఉంటుంది కదా, అలాగన్నమాట.

ఎస్‌డీఎన్ చదివినవాళ్లకి ఈపాటికే వెలిగి ఉంటుంది. మామూలు నెట్‌వర్క్‌లో ప్రతి స్విచ్‌లో, ప్రతి రూటర్‌లో దాని మెదడు దానికే ఉంటుంది. ఒక నియమం మార్చాలంటే డబ్బా డబ్బాకీ లాగిన్ అవ్వాలి. ఎస్‌డీఎన్‌లో ఆ మెదడుని బయటికి తీసి కంట్రోలర్ అనే ఒక సాఫ్ట్‌వేర్‌లో పెడతారు. స్విచ్ దగ్గర మిగిలేది ఒక పట్టిక: ఇలాంటి ప్యాకెట్ వస్తే ఇటు పంపు, అలాంటిది వస్తే పారేయ్. పట్టికలో లేని ప్యాకెట్ వస్తే కంట్రోలర్‌ని అడుగుతుంది. మీసం గోడకి తగలడం లాంటిదే ఇది. కంట్రోలర్ నిర్ణయం చెప్పి పట్టికలో కొత్త వరస రాయిస్తుంది. తర్వాతి ప్యాకెట్లు అడక్కుండానే వెళ్లిపోతాయి.

ఎస్‌డీఎన్ ఎలుకని చూసి పుట్టిందని దీని అర్థం కాదు. అది వేరే అవసరం నుంచి వచ్చింది. 2007లో స్టాన్‌ఫర్డ్‌లో మార్టిన్ కసాడో, సహచరులు ఈథేన్ అనే వ్యవస్థ కట్టారు. దాని లక్ష్యమే భద్రత. నెట్‌వర్క్‌లో ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో ఒకచోట రాసిపెట్టి, ప్రతి కొత్త సంభాషణకీ కంట్రోలర్ అనుమతి ఉండాలన్నారు. 300కి పైగా మెషీన్లున్న క్యాంపస్ నెట్‌వర్క్‌లో నడిపి చూశారు. 2008లో ఓపెన్‌ఫ్లో వచ్చింది.

ఇంటి దొంగ దొరికే దారి

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చిన్న నెట్‌వర్కుల అసలు బాధ అదే. గేటు దగ్గర ఫైర్‌వాల్ ఉంటుంది. ఒకసారి లోపలికొచ్చిన తెగులుకి అడ్డే లేదు, పక్క మెషీన్లన్నీ తలుపు తీసే ఉంటాయి.

ఒక చిన్న క్లినిక్ అనుకుందాం. నాలుగు పీసీలు, ఒక ప్రింటరు, ఆరు కెమెరాలు, ఒక రికార్డర్. కెమెరా మాట్లాడాల్సింది రికార్డర్‌తోనే. కంట్రోలర్‌లో అదే నియమం రాస్తాం. ఒక కెమెరాకి మిరాయ్ లాంటిది సోకి, పక్క పీసీలని తడమడం మొదలెట్టిందనుకోండి. మొదటి తడుముకే స్విచ్ పట్టికలో జవాబు ఉండదు, కంట్రోలర్‌కి కబురు వెళ్తుంది. కంట్రోలర్ ఆ కెమెరాని విడిగా పెట్టేస్తుంది. మిగతా క్లినిక్ పని ఆగదు. దీనికి ఖరీదైన పెట్టెలే కావాలని లేదు. ఓపెన్ వీస్విచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలు లినక్స్ పీసీని కూడా ఇలాంటి స్విచ్‌గా మారుస్తుంది. కంచె తీగ కథ గుర్తుందిగా.

ఇంకోరకం దాడి వరద. ఎక్కడెక్కడి నుంచో ప్యాకెట్లు ఒకే మెషీన్ మీద పడతాయి. ఇక్కడ షానన్ కొలత నేరుగా పనికొస్తుంది. కంట్రోలర్ వచ్చిన ప్యాకెట్లని గుంపులుగా తీసుకుని, అవి ఏ గమ్యాలకి వెళ్తున్నాయో చూసి ఎంట్రపీ లెక్కగడుతుంది. 16 మెషీన్లకి సమానంగా వెళ్తుంటే ఎంట్రపీ 4 బిట్లు. సగం ప్యాకెట్లు ఒక్క మెషీన్‌కే వెళ్తూ, మిగతా సగం ఇంకో 8 మెషీన్లకి సమంగా వెళ్తే 2.5కి పడిపోతుంది. అన్నీ ఒక్కదానికే అయితే సున్నా. మామూలు రోజుల విలువ ఎంతో తెలిస్తే, అది వరసగా కొన్ని గుంపుల్లో పడిపోతున్నప్పుడు కంట్రోలర్ పసిగట్టి, ఆ రాకని తగ్గించే వరస స్విచ్ పట్టికలో రాస్తుంది. ప్యాకెట్ లోపల ఏముందో విప్పి చూడక్కర్లేదు.

అక్కడే చిక్కు కూడా ఉంది. రిజల్ట్స్ వచ్చిన రోజు కాలేజీ సర్వర్ ఏమవుతుందో మనందరికీ తెలుసు. అందరూ ఒక్క మెషీన్ మీదే పడతారు, ఎంట్రపీ ఢమాల్. అది దాడి కాదు, ఆత్రం. అర్థంతో పనిలేదని షానన్ ముందే చెప్పాడు కదా. ఆ అంకెకి దాడీ తెలియదు, ఆత్రమూ తెలియదు. కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మి తలుపులు మూసేస్తే, దాడి చేసేవాడి పని మనమే చేసిపెట్టినట్టు అవుతుంది. ప్యాకెట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, కనెక్షన్లు పూర్తవుతున్నాయా, సగంలో వదిలేస్తున్నాయా అన్నవి కూడా చూడాలి.

రెండో చిక్కు కంట్రోలరే. మెదడు ఒకేచోట ఉంటే శత్రువు చూపు దాని మీదే. పట్టికలో లేని రకం ప్యాకెట్లు కుప్పలుగా పంపితే, ప్రతిదానికీ స్విచ్ కంట్రోలర్‌ని అడుగుతూ ఉంటుంది, చివరికి కంట్రోలర్ చతికిలబడుతుంది. 1956లో షానన్, ఎడ్వర్డ్ మూర్ కలిసి రాసిన పేపర్ ఇలాంటి దిగులు మీదే. నమ్మకం లేని రిలేలతో నమ్మదగిన సర్క్యూట్ కట్టొచ్చా? కట్టొచ్చు, తగినన్ని రిలేలని తగిన పద్ధతిలో అల్లితే. కంట్రోలర్‌కి ఇంకో జత పెట్టడం, స్విచ్ అడిగే ప్రశ్నలకి హద్దు పెట్టడం, కంట్రోలర్ పోయినా స్విచ్ పాత పట్టికతో నడిచేలా చూడటం, ఇవన్నీ ఆ దారిలోవే. చిన్న నెట్‌వర్క్ కదా అని ఈ భాగం వదిలేస్తే, కాపలావాడు పడిపోయిన రోజు క్లినిక్ మొత్తం ఆగిపోతుంది.

గాలివాటం వద్దన్న మనిషి

1950ల్లో ఎంట్రపీ అనే మాట ఒక మోజు అయింది. జీవశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, ఆర్థికశాస్త్రం, అందరూ దాన్ని తగిలించుకోవడం మొదలెట్టారు. తన సిద్ధాంతం అంతటా వెలిగిపోతుంటే ఎవరైనా సంబరపడతారు. షానన్ మాత్రం 1956లో ఒక చిన్న సంపాదకీయం రాసి, అందరూ కాస్త నెమ్మదించాలని, పేరు వాడుకోవడం వేరు, ప్రయోగం చేసి నిగ్గు తేల్చడం వేరని హెచ్చరించాడు.

అదే ఏడాది ఎంఐటీకి వచ్చాడు, 1978లో రిటైర్ అయ్యాడు. ఈ కాలంలో పేపర్లు తగ్గాయి, ఆటలు పెరిగాయి. బంతుల గారడీకి గణిత సిద్ధాంతం రాశాడు, గారడీ చేసే యంత్రాలు కట్టాడు. అంతకుముందు బెల్ ల్యాబ్స్‌లో ఉన్నప్పుడే మార్విన్ మిన్‌స్కీ ఆలోచన తీసుకుని ఒక పెట్టె చేశాడు. స్విచ్ వేస్తే మూత తెరుచుకుని ఒక చెయ్యి బయటికొస్తుంది, స్విచ్ ఆపేసి లోపలికి పోతుంది. అది చేసే పని అదొక్కటే. 1966లో అమెరికా జాతీయ సైన్స్ పతకం, 1985లో క్యోటో ప్రైజ్ వచ్చాయి.

ఆ తర్వాత అల్జీమర్స్ వచ్చింది. ఎలుకకి జ్ఞాపకం ఇచ్చిన మనిషి దగ్గర జ్ఞాపకాలు ఒక్కొక్కటిగా జారిపోయాయి. తన సిద్ధాంతం ఆధారంగా ఇంటర్నెట్ ప్రపంచమంతా పరుచుకుంటున్న ఏళ్లు అవి. ఆయన మాత్రం నర్సింగ్ హోమ్‌లో, అదేదీ తెలియని స్థితిలో ఉన్నాడు. 2000 అక్టోబర్‌లో గేలార్డ్‌లో ఆయన విగ్రహం పెట్టారు. 2001 ఫిబ్రవరి 24న మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు. 84 ఏళ్లు. ఈథేన్ రావడానికి ఇంకా ఆరేళ్లు ఉంది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి మినినెట్, ర్యూ పెట్టుకుని డీడాస్ దాడిని పట్టుకుంటామని బయల్దేరేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లకి ఈ జీవితం నుంచి ఒక్క పని. ఏదో పేపర్‌లో ఉన్న ఎంట్రపీ హద్దుని తెచ్చి మన కోడ్‌లో అతికించకండి. ముందు అనుమతి తీసుకుని, మన ల్యాబ్‌లోనే వారం రోజులు మామూలు ట్రాఫిక్ కొలవండి. ఇంటర్నల్స్ రోజు ఎంత, సెలవు రోజు ఎంత, రిజల్ట్స్ రోజు ఎంత అని రాసుకోండి. హద్దు ఎక్కడ పెట్టాలో ఆ అంకెల్ని చూసి తేల్చుకోవచ్చు.